నందిని కదలకుండా నిలబడిన ఫోటో

దయ్యాల ముచ్చట ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. డోర్నకల్‌లో రైల్వే సిగ్నల్ పని నాది. బండి కింద పడి మనుషులు పోయిన చోట ఒంటరిగా పనిచేశాను, ఆ పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకుని తిన్నాను. పట్టాల దగ్గర పసుపు కుంకుమ పెట్టిన నిమ్మకాయ కనిపిస్తే తోటివాళ్లు చుట్టు తిరిగి వెళ్తారు. నేను తొక్కుకుంటూ పోతాను. ధైర్యవంతుణ్ణని చెప్పుకోవడానికి కాదు ఇదంతా. వీడు మొదటినుంచీ ఇలాంటివి నమ్మేవాడే అని మీరు అనుకోవద్దని.

మా అక్క భాగ్యది లింగాల ఘనపూర్ దగ్గర ఊరు. ఆమెకు ఒక్కతే కూతురు, నందిని. కూర్చుని అన్నం తినేది కాదు, నిలబడి జడ వేయించుకునేది కాదు. దువ్వెన పట్టుకుని అక్క వాకిలంతా దాని వెనక తిరిగేది.

ఆ రోజుల్లోనే నాకు కెమెరా పిచ్చి పట్టింది. తోటి ఉద్యోగి దగ్గర పాతది ఒకటి కొన్నాను. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకోవడమే. అందులో షట్టర్ స్పీడ్, అంటే కెమెరా లోపలి తెర ఎంతసేపు తెరిచి ఉండాలనే లెక్క, ఎంతకీ బుర్రకెక్కలేదు. పట్టాల పక్కన బోర్డు మీద 15 అని రాసి ఉంటే బండి మెల్లగా పోవాలని అర్థం. ఆ లెక్కే ఇక్కడా పనిచేస్తుందనుకున్నాను. ఉరికే పిల్లను మెల్లగా పట్టుకోవాలంటే చిన్న నంబరు పెట్టాలని, కెమెరాలో 15 దగ్గర పెట్టి తీశాను. నిజానికి అది సెకనులో పదిహేనో వంతు. ఉరికే పిల్లకు అది చాలా ఎక్కువసేపు.

దాంతో నందిని ఫోటోలన్నీ చెదిరిపోయాయి. ఒకదాంట్లో గౌను రంగు మాత్రమే ఉంది, ఇంకోదాంట్లో రెండు జడలు ఉన్నాయి గానీ మొహం లేదు. అది చూసి పడీపడీ నవ్వేది. "మామా, గిండ్ల నేనేడున్న?"

"ఒక్క సెకను నిలబడవే తల్లీ" అనేవాణ్ణి.

"నిలబడితే అది నేనెట్లయిత మామా?" అని మళ్లీ ఉరికేది.

ఆ తర్వాతి వానాకాలం దానికి జ్వరం వచ్చింది. జనగామ దవాఖానలో చూపించాం, అక్కడినుంచి వరంగల్ తీసుకుపోయాం. రక్తంలో కణాలు పడిపోతున్నాయన్నారు. దానికి పదేళ్లు. పోయింది. అంతకుమించి రాయడం నా వల్ల కాదు.

దినాలకు ఫోటో కావాలి కదా. బడి గుర్తింపు కార్డు మీదున్న చిన్న ఫోటోనే స్టూడియోలో పెద్దది చేయించాం. స్టూడియో ఆయన తన పనితనమంతా చూపించాడు. రంగు తేల్చాడు, బొట్టు దిద్దాడు, చెవులకు కమ్మలు కూడా పెట్టాడు. అక్క దాన్ని చాలాసేపు చూసింది. "ఎవల పిల్లరా గీమె?" అంది. దినాలు అయిన మర్నాడే ఆ ఫోటోను గోడవైపు తిప్పి పెట్టింది.

ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్లినా అదే మాట. "నీ మిషిన్ల ఒక్కటన్న తేటగ లేదారా? మల్లొక్కపారి చూడు." చూసేవాణ్ణి. ఉన్నవి అవే. బిడ్డ మొహం మరిచిపోతానేమోనని అక్కకు భయం పట్టుకుంది.

చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు బతుకమ్మ పేర్చరు. ఆ ఏడు అట్లాగే గడిచింది. మరుసటి ఏడు ఇరుగుపొరుగు ఆడవాళ్లు బలవంతపెడితే అక్క తంగేడు, గునుగు పూలు తెప్పించింది. మా వైపు పెద్ద బతుకమ్మ పక్కన చిన్నది కూడా పేరుస్తారు, దాన్ని పిల్ల బతుకమ్మ అంటారు. అక్క పెద్దది పేర్చింది. చిన్నదాని కోసం తీసిపెట్టిన పూలు చాటలోనే ఉండిపోయాయి. "చెయ్యి ఆడుతలేదురా" అంది.

పండుగ ఆఖరున, సద్దుల బతుకమ్మ రోజు బడి మైదానంలో, జెండా స్తంభం చుట్టూ బతుకమ్మలన్నీ పెట్టారు. పొద్దు గూకుతోంది. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతున్నారు. అక్క తన బతుకమ్మను స్తంభం పక్కనే పెట్టి వచ్చి, ఆటలో కలవకుండా బడి అరుగు మీద కూర్చుంది. నేను ఆమె పక్కనే స్టాండు వేసి కెమెరా బిగించాను.

అప్పటికి నాకు షట్టర్ స్పీడ్ బాగానే వచ్చేసింది. తెర సెకనుసేపు తెరిచి ఉంచితే తిరిగేవాళ్లు రంగుల చారల్లా సాగిపోతారు, కదలని బతుకమ్మలు మాత్రం తేటగా వస్తాయి. అట్లాంటివి కొన్ని తీశాను. చుట్టూ తిరిగేవాళ్లకీ స్తంభానికీ మధ్య ఎవరూ లేరు. పిల్లలెవరైనా అటు పోతే పూలు తొక్కుతారని ఆడవాళ్లు ఊరుకోరు.

ఇంటికి వచ్చాక కంప్యూటర్‌లో ఒక్కొక్కటే చూస్తున్నాను. ఒక ఫోటోలో అందరూ చారలే. మధ్యలో, అక్క బతుకమ్మ పక్కన, పిల్ల బతుకమ్మ ఉండాల్సిన చోట ఒక పిల్ల నిలబడి ఉంది. రెండు జడలు. కనుబొమల వెంట్రుకలు కూడా లెక్కపెట్టేంత తేటగా ఉంది. మొదట లెన్సులోకి చూస్తోందనుకున్నాను. కాదు, కొంచెం పక్కకు, అక్క కూర్చున్న వైపు చూస్తోంది. అది నందిని.

నాకు ఏడుపొచ్చింది. అది ఆగాక నాకు తెలిసినంతలో పరీక్షించాను. మధ్యలో ఎవరైనా వచ్చి వెంటనే వెళ్లిపోతే మనిషి పలచగా పడాలి, వెనకున్నవి లోపలినుంచి కనిపించాలి. ఇక్కడ అట్లా లేదు. దాని లంగాలోంచి వెనకున్న తంగేడు పూలు కనబడటం లేదు. అంటే సెకనంతా అక్కడే, కదలకుండా నిలబడింది. ముందు ఫోటోలో లేదు, తర్వాత ఫోటోలో లేదు. మహబూబాబాద్‌లో ఫోటోలు తీసే మిత్రుడికి చూపిస్తే, పాత ఫోటో ఏదో దీని మీద పడి ఉంటుందన్నాడు. పడటానికి నందిని నిలబడ్డ పాత ఫోటో నా దగ్గర ఉంటే కదా! ఆ పోలికలున్న పిల్ల కోసం ఊళ్లో ఇల్లిల్లూ అడిగాను. ఎవరూ లేరు.

అక్కకు చూపించాలా వద్దా అని చాలా రోజులు మథనపడ్డాను. చివరికి చూపించాను. ఆమె ఏడవలేదు, జడుసుకోలేదు. వేళ్లతో పెద్దది చేసి, కిందికీ పైకీ జరుపుతూ చూసింది.

"జర ఎత్తయిందిరా" అంది.

నాకు అర్థం కాలేదు. ఫోటోలో స్తంభానికున్న, జెండా తాడు చుట్టే కొక్కెం చూపించింది. నేను చెడగొట్టిన పాత ఫోటోల్లో ఒకటి ఆ స్తంభం దగ్గర తీసిందే. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పాతదాంట్లో మొహం చెదిరినా, తల కొక్కెం కిందనే ఉందని తెలుస్తోంది. ఇందులో కొక్కెం చెవి దగ్గరికి వచ్చింది. కెమెరా పెట్టిన చోటు వేరు కాబట్టి తేడా ఉంటుందని చెప్పబోయి ఊరుకున్నాను. ఎంత చోటు మారినా అంత తేడా రాదు.

ఆ ఫోటోనే ఇప్పుడు వాళ్లింటి గోడకు ఉంది. దండ తెస్తే అక్క వేయనివ్వలేదు. "ఎదిగే పిల్లకు దండేందిరా?" అంది.

ఆ రోజు అక్కడ ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లతో నేను వాదించను కూడా.

మళ్లీ తంగేడు పూసే రోజులొచ్చాయి. నిన్న అక్క ఫోన్ చేసింది. ఈసారి పిల్ల బతుకమ్మ కూడా పేరుస్తుందట. "మిషిన్ మర్వకు. ఈయేడు ఎంత పెరిగిందో చూడాలె" అంది.

తెస్తానక్కా అన్నాను. దయ్యాలంటే నాకు ఇప్పటికీ భయం లేదు. ఆ స్తంభం పక్కన ఈసారి ఎవరూ లేకపోతే అక్కకు ఏం చెప్పాలి అన్నదే భయం.