నొప్పి లేని మోకాలు

నిన్న మధ్యాహ్నం షాపులో ఉన్నవి: రెండు లేతులు, ఒక గ్రైండింగ్ మెషీను, ఇరుసుకు తొడిగే గొట్టం, అంటే బుష్, పాడైపోయింది ఒకటి, నేను, నడుము పట్టేసిందని స్టూలు మీద కూర్చున్న టర్నర్ సాహూ భయ్యా. ఆయన జేబులోంచి బామ్ డబ్బా తీసి మూత తిప్పాడు. కర్పూరం, పుదీనా కలిసిన ఆ ఘాటు నా దాకా రాగానే చేతిలో ఉన్న మైక్రోమీటర్ కింద పెట్టేశాను. భిలాయి పక్కన హథ్‌ఖోజ్‌లో మే నెల, పైన కాలుతున్న రేకులు. అయినా నా కాళ్లకు మంచునీళ్లు తగిలినట్టయింది. ఆ వాసన నాకు పైడిరాజు గారిది.

ఈ షాపు ఆయన పెట్టిందే. విజయనగరం వైపు నుంచి మా నాన్నా ఆయనా ఒకే ఏడు భిలాయి వచ్చి స్టీల్ ప్లాంటులో చేరారు. అందుకే నాకు బాబాయి. ఫర్నేసు ముందు ముప్పై ఏళ్లు నిలబడి, రిటైరయ్యాక ఇక్కడ రేకుల షెడ్డు వేసుకున్నారు. నేను ఇంజనీరింగ్ పాసై ఆయన దగ్గరే చేరాను. షాపులో ఒక పద్ధతి ఉండేది. జాబ్, అంటే చేస్తున్న వస్తువు, పాడైతే దాని మీద సుద్దతో పేరు రాసి గుమ్మం పక్క బల్ల మీద పెట్టాలి. వేరేచోట పాడుచేసినవాడి పేరు రాస్తారు. ఇక్కడ ఎవరు పాడుచేసినా బాబాయి తన పేరే రాసుకునేవారు. మొదటి నెలలోనే నేనొక బుష్ రంధ్రం పెద్దది చేసేశాను. నా పేరు రాయబోతుంటే సుద్దముక్క లాక్కున్నారు.

“నీకీ పని అప్పజెప్పిందెవుడ్రా?” అన్నారు.

“మీరే.”

“మరింకేటి? తప్పుకో.”

ఆ సాయంత్రం సరుకు కోసం వచ్చిన మనిషి బల్ల మీద పేరు చదివి, సేఠ్‌జీకి కళ్లు తగ్గినట్టున్నాయే అని వెక్కిరించాడు. బాబాయి నవ్వి, కళ్లజోడు తుడుచుకుని, అతనికి టీ చెప్పారు. నేను హాయిగా ఊపిరి తీసుకున్నాను. అప్పుడు నాకు సిగ్గనిపించలేదు. ఆ పద్ధతి ఎంత బరువైనదో నాకు అప్పటికి తెలియదు.

మంచు పిచ్చి ఆయనకు ఫర్నేసు దగ్గరే పట్టుకుందట. ఎండాకాలంలో కూడా మంచు కరగని చోట ఒక్కసారి నిలబడాలని, దాని మీద చెయ్యి పెట్టి చూడాలని అంటుండేవారు. పిన్ని పోయాక ఆ మాట ఎక్కువైంది. చివరికి నార్వే ఉత్తరాన, ధ్రువ ప్రాంతంలో, వారం రోజులు గైడు వెంట నడిచి గుడారాల్లో ఉండే యాత్రకు తనకూ నాకూ డబ్బు కట్టేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి నేను. సామాను జాబితా నాది: బూట్లు, ఊతకర్రలు, దోమల వల, వానకోటు, ఉన్ని మేజోళ్లు, ఇంకా రెండు పేజీలు. దానికి ఆయన చేర్చినవి రెండే. వేయించిన శనగల సత్తుపిండి, బామ్ డబ్బా.

మొత్తం అయిదుగురం. గైడు మారిట్, నలభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడేది. జర్మన్ దంపతులు, మేమిద్దరం. అక్కడ చెట్లు నడుము ఎత్తుకు మించవు, నేల తడిసిన స్పాంజిలా ఉండి కాలు దిగబడేది, సూర్యుడు కొండ చుట్టూ తిరిగేవాడేగానీ దిగేవాడు కాదు. బాబాయి ఫర్నేసు రోజుల్లోలా తలకు తువ్వాలు చుట్టుకుని అందరికంటే ముందుండేవారు. సత్తు కలిపి జర్మన్లకు కూడా తాగించారు. లోయ చివర నీలంగా ఒక హిమానీనదం కనిపించేది. గుడారంలోంచి బయటికి రాగానే ముందు దానివైపు చూసి, ఉందిరా, ఎక్కడికీ పోలేదు అనేవారు.

నాలుగో రోజు ఆ మంచు దగ్గరికి వెళ్లాలి. మధ్యలో ఒక ఏరు. మంచు కరిగి వచ్చిన బూడిదరంగు నీళ్లు, తొడల లోతు. జర్మన్లను మారిట్ దాటించింది. తరువాత నేను. బ్యాగు నడుంపట్టీ విప్పాలని, కర్ర ప్రవాహానికి ఎదురుగా పెట్టాలని, నీళ్లవైపు చూడకూడదని, అన్నీ తెలుసు. రెండో అడుగులో కాలికింద రాయి దొర్లింది. అంతే, భయంతో కాలు ఇక లేవలేదు. ఎలాగో వెనక్కి వచ్చి ఒడ్డున కూలబడ్డాను. బాబాయి నా పక్కన చతికిలబడి తన ప్యాంటు మోకాలి పైకి మడిచారు. మారిట్ నీళ్లలోంచి మావైపు వస్తోంది.

“నా మోకాలు పట్టేసిందని సెప్పు.”

“బాబాయ్, మీకు...”

“సెప్పెహె. ఆవిడొచ్చేస్తంది.”

చెప్పాను. మంచి ఇంగ్లీషులో, ఏ మోకాలో, ఎప్పటినుంచో కూడా చేర్చి చెప్పాను. ఎవరినీ ఒంటరిగా వదలకూడదన్నది మారిట్ నియమం కాబట్టి నేను ఆయనకు తోడుగా ఉండాలంది. నా భుజం తట్టి, మంచివాడివి అంది. వాళ్లు ముగ్గురూ మంచు దగ్గరికి వెళ్లారు. బాబాయి బామ్ డబ్బా తీసి, ఏ నొప్పీ లేని మోకాలికి శ్రద్ధగా రాసుకున్నారు.

అక్కడితో అయిపోయుంటే బాగుండేది. మర్నాడు పొద్దున మారిట్ మా గుడారం దగ్గరికి వచ్చింది. రాత్రి చలికి ఏరు తగ్గిందట, మోకాలు నయమైతే ఇప్పుడే బయల్దేరి ఆయనకు మంచు చూపించి వచ్చేయొచ్చట. అయితే అందరూ కలిసే వెళ్లాలి, అంటే నేనూ ఏరు దాటాలి. నేను ఆయనకు తెలుగులో చెప్పాను. ఆయన మంచువైపు చూశారు. తరువాత నావైపు చూశారు. నా మొహంలో ఏదైనా కనిపిస్తుందేమోనని ఎదురుచూస్తున్నట్టు ఉన్నారు. ఆయన నోరు తెరవకముందే నేను మారిట్ వైపు తిరిగి, ఇంకా నొప్పిగానే ఉందంటున్నారు అని చెప్పేశాను.

ఆయనకు ఇంగ్లీషు రాకపోయినా ఆ మాట అర్థమైంది. తల ఊపి, బామ్ డబ్బా కోసం వెతుక్కున్నారు.

మిగిలిన రోజులన్నీ బాబాయి కుంటుతూనే నడిచారు. జర్మన్ ఆయన బాబాయి బ్యాగు కూడా తనే మోశాడు. ఒక్కోసారి ఏ కాలో మరిచిపోయేవారు. “బాబాయ్, ఎడమ” అని నేను మెల్లగా అంటే, “ఓహ్, అవును గదా” అని మార్చుకునేవారు. ఆయనకది సరదాగానే ఉండేది. నేను ఆయన వెనక నడుస్తూ తల దించుకునేవాణ్ణి.

తిరిగొచ్చాక భిలాయిలోనే, సుపేలా టీకొట్టు దగ్గర పాత ప్లాంటు మిత్రులు చుట్టూ చేరారు. మంచు ముట్టుకున్నావా అని అడిగారు. మోకాలు దెబ్బతీసిందిరా అన్నారు బాబాయి. ముప్పై ఏళ్లు నిప్పు ముందు నిలబడ్డ కాలు మంచు పేరు వినగానే మొరాయించిందా అని ఒకాయన ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు, అందరికంటే గట్టిగా ఆయనే. నేను పక్కనే గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. కిందటి చలికాలం ఆయన పోయేనాటికి ఆ మోకాలి కథ తెలిసినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇప్పుడు షాపు నా చేతిలో ఉంది. నిన్నటి బుష్ ఈ మధ్యే చేరిన కుర్రాడు పాడుచేశాడు. సుద్దముక్క తీసుకుని దాని మీద నా పేరు రాసి గుమ్మం పక్క బల్ల మీద పెట్టాను. దానివల్ల ఏ లెక్కా సరిపోదని తెలుసు. తరువాత, చాలాసార్లు చేసినట్టే, ఫోన్‌లో ఆ లోయ మ్యాపు తెరిచి కొలిచాను. మేము కూర్చున్న ఒడ్డు నుంచి మంచు అంచుకు మూడు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు.