వదిన గడియారం

మా మరదలు పోయింది. కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో, చలికాలం మధ్యలో, ఒక మధ్యాహ్నం. ఇక్కడ అరిజోనాలో, చాండ్లర్‌లో నేను క్లినిక్ నుంచి అప్పుడే వచ్చి, కాళ్ళు కడుక్కుని, దీపానికి వత్తి తీసుకుంటున్నాను. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, అయిపోయింది."

తర్వాత వాడే అన్నాడు. "టైమ్ త్రీ ఫిఫ్టీ. పంతులుగారు తిథి అడుగుతున్నారు. తను చేసింది నీ దగ్గరుంది కదా, చూసి చెప్పక్కా."

ల్యాప్‌టాప్ తెరిచాను. నేను రోజూ చూసే పంచాంగం పేజీకి పైన సన్నటి పసుపు పట్టీ ఒకటి ఉంటుంది. మా మరదలు పెట్టిందే. 'ఏకాదశి, సాయంత్రం 4.30 వరకు' అని ఉంది అందులో. మూడు యాభై అంటే ఏకాదశే. అదే చెప్పాను.

"ఏకాదశా?" అన్నాడు వాడు, చేతికి ఏదో ఆసరా దొరికినట్టు.

వచ్చినవాళ్ళందరూ ఆ మాటే అన్నారు. ఏకాదశి నాడు పోయింది, పుణ్యాత్మురాలు అని. నేనూ దండం పెట్టుకున్నాను.

తను నా తమ్ముడి భార్య. మేం నలుగురం. నేను పెద్దదాన్ని, వాడు ఆఖరివాడు. పెళ్ళికి ముందు తను కాలేజీలో లెక్కలు చెప్పేది. ఇక్కడికి డిపెండెంట్ వీసా మీద వచ్చింది, అంటే ఉద్యోగం చేయకూడదు. మొదటి ఏడాది ఫోన్లో నాతో కూరల సంగతే మాట్లాడింది. రెండో ఏడాది ఒకరోజు, "వదినా, నేను ఎక్స్‌టెన్షన్లు రాయడం నేర్చుకుంటున్నాను," అంది.

వీసా ఎక్స్‌టెన్షన్ అనుకున్నాను. ఈ దేశంలో మాకు తెలిసింది అదొక్కటే.

"అది కాదు. బ్రౌజర్‌కి చిన్న చిన్న పనులు నేర్పడం. ఎవరో పెట్టిన పేజీ మీద మనక్కావలసింది మనం పెట్టుకోవచ్చు. దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు వదినా."

ఆ ఆఖరి మాట రెండుసార్లు అంది.

నేర్పేవాళ్ళు లేరు. ఉన్నదల్లా డాక్యుమెంటేషన్, అంటే ఎలా రాయాలో చెబుతూ బ్రౌజర్ వాళ్ళు పెట్టిన పేజీలు. ఈ మాటను కొన్ని వందలసార్లు విని ఉంటాను. అది ఎంత అధ్వాన్నంగా రాసి ఉండేదంటే, ఒక పేజీలో చెప్పింది ఇంకో పేజీ కాదనేది. ఉన్న ఉదాహరణలు పాతవి, పనిచేసేవి కావు. తను తమ్ముడిని అడిగితే వాడు, "నా పని కంప్యూటర్ చిప్స్ మీద, నాకేం తెలుసు," అన్నాడట. దాంతో శని, ఆదివారాలు నాకు వీడియో కాల్ చేసేది. నేను ఫోన్‌ను బియ్యం డబ్బాకి ఆనించి బీన్స్ తరుక్కుంటుంటే, తను అక్కడ పైకి చదివేది.

"వినిపిస్తోందా వదినా?"

"వినిపిస్తోంది. అర్థం కావట్లేదు."

"నాకూ అంతే. పదండి ముందుకి."

ఒకసారి బాగా విసిగిపోయింది. పారాయణ చేసినట్టు చెయ్యి తల్లీ, అన్నాను. అర్థమైందా లేదా అని చూసుకోకుండా మొదటి నుంచి చివరిదాకా మూడు రోజులు చదువు, కొన్ని మాటలు వాటంతటవే తెలుస్తాయి అన్నాను. నిజంగానే చేసింది. నాలుగో రోజు ఫోన్.

"అయింది వదినా. సహస్రనామానికైతే చివర ఫలశ్రుతి ఉంటుంది. దీనికి అదీ లేదు."

"మరి ఏం తెలిసింది?"

"ఒకటి తెలిసింది. ఇది రాసినవాళ్ళకి అన్నీ వచ్చు. అందుకే రానివాళ్ళకి ఏం చెప్పాలో వాళ్ళకి తెలీదు."

ఆ రోజు నుంచి ఒక పొడుగు నోట్‌బుక్ పెట్టింది. పనిచేసినవి కాదు, పనిచేయనివి రాసుకునేది. తన పద్ధతి ఒక్కటే: ఒక్కటి మార్చు, రీలోడ్ చెయ్యి, చూడు. రెండు మార్పులు ఒకేసారి చేసేది కాదు. రీలోడ్ నొక్కే ముందు కళ్ళు మూసుకునేది. దేవుణ్ణి తలుచుకుంటున్నావా అని అడిగాను.

"లేదు వదినా. ఎర్రర్ చూడబుద్ధి కాక."

పసుపు పట్టీ ఎలా వచ్చిందో చెప్పాలి. నేను ఏకాదశి ఉపవాసం ఉంటాను. ఊరి నుంచి పంపిన క్యాలెండర్ చూసుకుని ఉండేదాన్ని. ఒక మంగళవారం తను వంట ఏమిటని అడిగితే, "ఈరోజు ఏకాదశి," అన్నాను. అటు నుంచి లెక్క వేస్తున్న చప్పుడు.

"వదినా, అది ఇండియాకి. మీకు ఏకాదశి నిన్న సాయంత్రమే అయిపోయింది."

"అంటే?"

"నిన్న ఏం తిన్నారు?"

"పులిహోర."

తను నవ్వలేదు. నవ్వు ఆపుకుందని మాత్రం తెలిసింది. పధ్నాలుగేళ్ళుగా చాలాసార్లు ఏకాదశి నాడు సుష్ఠుగా తిని, ద్వాదశి నాడు పస్తున్నానన్నమాట. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏం పాపం చేశానో అన్నాను.

"ఏం కాదు. దేవుడికి టైమ్ జోన్లు తెలుసు. మీకు తెలియకపోతే నేను చెప్తాను."

మూడు వారాల తర్వాత పట్టీ వచ్చింది. నా ల్యాప్‌టాప్‌లో ఎలా పెట్టుకోవాలో ఒక ఆదివారమంతా కూర్చుని చెప్పింది. అప్పటి నుంచి నేను సరైన రోజునే ఉపవాసం ఉన్నాను. ఉపవాసం విడిచే ద్వాదశి రోజున తప్పకుండా ఫోన్ చేసేది. అడిగేది ఒకే మాట. "తిన్నారా వదినా?"

జబ్బు చేసి ఫోన్ చేయలేని రోజులు వచ్చాక, ఆ మాట కూడా పట్టీలోకి ఎక్కించింది. ద్వాదశి నాడు తిథి పక్కన 'వదినా, తిన్నారా?' అని వచ్చేది. దాని పక్కనే 'తిన్నాను' అని చిన్న మీట. నొక్కితే పట్టీ మళ్ళీ ద్వాదశి దాకా ఆ మాట అడగదు.

తను పోయిన రెండు వారాలకు పట్టీ పోయింది. పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లు ఇక నడవవని బ్రౌజర్ ఒక ముక్క చెప్పి ఊరుకుంది. తమ్ముడికి చెప్పాను.

"ఆఫీస్‌లో ఎవరినైనా అడుగుతాలే అక్కా."

"వద్దు. తన నోట్‌బుక్ పంపు."

వచ్చింది. రోజూ పొద్దున పూజ అయ్యాక, క్లినిక్‌కి వెళ్ళేలోపు గంటసేపు కూర్చునేదాన్ని. నాకు కోడ్ రాదు. కానీ అన్ని ఆదివారాలు విన్న మాటలు చెవిలో ఉన్నాయి. డాక్యుమెంటేషన్ అలాగే ఉంది. కొత్త పద్ధతికి ఎలా మారాలో చెప్పే పేజీ పాత పేజీ చూడమంటుంది, పాత పేజీ తీసేశారు. ఇంకోచోట నాకొచ్చిన ఎర్రరే వచ్చిందని ఎవరో ఎప్పుడో అడిగారు. కింద ఎవరూ జవాబు రాయలేదు. ఆ ప్రశ్న ముందు కాసేపు కూర్చున్నాను. అడిగినవాళ్ళు ఎవరో, ఏ ఊళ్ళో ఉన్నారో.

నోట్‌బుక్‌లో తన దస్తూరి. 'చివరి వరసకి కామా పెట్టకూడదు. ఎక్కడా చెప్పలేదు. మూడు రోజులు పోయాయి.' నాకు ఆ మూడు రోజులు మిగిలాయి. ఒక్కటి మార్చాను. రీలోడ్ చేశాను. చూశాను. ఎందుకో నాకూ కళ్ళు మూతపడేవి.

అలా తన కోడ్ ఒక్కొక్క వరసే చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. ఇండియా సమయం నుంచి పన్నెండున్నర గంటలు తీసేసే వరస అది. ఆ అంకెకి తను పెట్టిన పేరు 'వదిన గడియారం'. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట రాసుకుంది: 'వదిన ఊళ్ళో గడియారం మార్చరు. ఇదొక్కటి చాలు.'

నిజమే. అరిజోనాలో మేం గడియారం ముందుకీ వెనక్కీ జరపం. కాలిఫోర్నియాలో జరుపుతారు. చలికాలంలో వాళ్ళ గడియారం మాకన్నా గంట వెనక.

పట్టీ చెప్పిన నాలుగున్నర చాండ్లర్ నాలుగున్నర. తను పోయిన మూడు యాభై శాన్ రామన్ మూడు యాభై. అప్పుడు నా వంటింటి గడియారంలో నాలుగు యాభై. ఏకాదశి వెళ్ళిపోయి ఇరవై నిమిషాలయింది. పట్టీ తప్పు చెప్పలేదు. అది పుట్టిందే నా ఒక్కదాని కోసం, దానికి తెలిసింది నా గడియారం ఒక్కటే. దాన్ని తమ్ముడి గడియారంతో కలిపి చదివింది నేను.

మొదటి మాసికం ఇంకా ఆరు రోజులుంది. తమ్ముడు ఏకాదశికని అన్నీ మాట్లాడుకుని ఉన్నాడు. ఆ పూట దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఏ ఏడాదికా ఏడాది వాడు తప్పు రోజున పెడుతూ ఉంటాడు, నేను చూస్తూ ఉంటాను.

ఫోన్ చేశాను. చెప్పాను.

"ఇప్పుడెందుకక్కా ఇది?" అన్నాడు వాడు. "ఏకాదశి అని అందరికీ చెప్పుకున్నాను. నాకు అదొక్కటే మిగిలింది."

"తెలుసురా."

"నువ్వు చెప్పకుండా ఉండొచ్చు కదా."

"ఉండొచ్చు. నేను సరైన రోజున తినాలని తను మూడు వారాలు కూర్చుంది. తనకి తప్పు రోజున పెట్టమననా?"

ఫోన్లో వాళ్ళ ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తోంది. ఆ ఇంట్లో ఇంక వేరే చప్పుడు లేదు. వాడే అడిగాడు.

"ద్వాదశా?"

"ద్వాదశి."

"నీకు ఫోన్ చేసే రోజు కదూ. చేతికి సెలైన్ ఉన్నా అడిగేది, వదిన తిన్నారో లేదో కనుక్కోండి అని." వాడు ఏడ్చాడు. నేను ఫోన్ పెట్టేయకుండా వింటూ ఉన్నాను. ఆఖరున, "పంతులుగారికి చెప్తాలే," అన్నాడు.

ద్వాదశి నాటికి పట్టీ పని మొదలుపెట్టింది. నాకు క్లినిక్‌లో సెలవులు మిగల్లేదు, మాసికానికి వెళ్ళలేకపోయాను. భోజనానికి ఇంటికి వచ్చేలా మాత్రం అడిగి పెట్టుకున్నాను. పొద్దున తులసితీర్థంతో ఉపవాసం విడిచి, అన్నం తినకుండా వాడి కబురు కోసం ఆగాను. మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది, 'అయింది అక్కా' అని.

అన్నం వడ్డించుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పసుపు పట్టీ వచ్చింది. నేను రిపేర్ చేసిన పట్టీ, తన మాట.

'ద్వాదశి. వదినా, తిన్నారా?'

తిన్నాను. కంచం కడిగి వచ్చాను. ఇంకా అడుగుతూనే ఉంది. పక్కన చిన్న మీట.

నొక్కలేదు. ల్యాప్‌టాప్ తెరిచే ఉంచి, తలుపు తాళం వేసుకుని క్లినిక్‌కి వెళ్ళాను.