రేపు పిట్టకు పెట్టి నేనే పిలుస్తాను

నిన్న పొద్దున ఫోన్ వచ్చినప్పుడు దేవుడి దగ్గర దీపం పెడుతున్నాను.

విన్నాను. వత్తి వెలిగించాను.

మా తమ్ముడు నర్సింహ ఇక లేడు.

హైదరాబాద్ నుంచి మా ఊరు హాలియాకు వస్తున్నాడు, అమ్మను డబ్బింగ్‌కు తీసుకుపోదామని. నల్లగొండ దాటాక కారు లారీకి గుద్దుకుంది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వాడు ఒక చిన్న సినిమా తీశాడు. కొడుకు పోయిన ఇంటి కథ. ఆ ఇంట్లో ఎవరూ ఏడవరు, ఎవరూ మాట్లాడుకోరు.

"బాపు పోయినప్పుడు మనం గట్లనే ఉన్నం గదక్కా. ఒక్కలం నోరిప్పలే. అందుకే తీస్తున్న" అన్నాడు, నాన్నను తలచుకుని.

తల్లి వేషం అమ్మతోనే వేయించాడు.

కాలువ గట్టు మీద పిట్టకు పెట్టే సీన్. మూడో రోజు ఆకులో అన్నం, కూర పెట్టి, పోయినవాళ్లను పేరు పెట్టి పిలుస్తాం. కాకి వచ్చి ముట్టాలి.

సినిమాలో కొడుకు పేరు మల్లేశం. "మల్లేశా, రా బిడ్డా" అని అమ్మ ఎన్నిసార్లు పిలిచినా ఒక్క కాకీ దిగలేదు.

"కాకులకు గూడ అడ్వాన్స్ ఇయ్యాల్నా అన్నా?" అని కెమెరా అబ్బాయి. అందరూ నవ్వారు.

ఎండ ఎక్కింది. అమ్మ అలసిపోయింది. అలవాటుగా నోటికి వచ్చింది.

"నర్సింహా, రా బిడ్డా. తినిపో."

కాకి దిగింది.

అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడింది.

"ఫికర్ జెయ్యకే అమ్మా. పేరు డబ్బింగ్‌ల మార్చుకుందం. కాకి ఎంత మంచిగ దిగిందో సూడు!" అన్నాడు తమ్ముడు.

ఆ రోజు నుంచి వాడు ఫోన్ చేసిన ప్రతిసారీ అమ్మది ఒకటే మాట. "పేరు మార్చినవా బిడ్డా?"

దానికోసమే బయలుదేరాడు.

నిన్న సాయంత్రం అంతా అయిపోయాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నేనే పిలిస్తినా బిడ్డా?"

"కాదమ్మా" అన్నాను.

సినిమాకు పనిచేసిన పిల్లలకు ఒక మనవి. ఆ సీన్ ఎవరికీ పంపకండి. ఆ పేరు నేను వచ్చి డబ్బింగ్‌లో మారుస్తాను. ఫోన్‌లో నా గొంతు, అమ్మ గొంతు ఒక్కతీరే ఉంటాయని వాడే అనేవాడు.

రేపు మూడో రోజు. అమ్మ గట్టు మీదికి రానంటోంది. కాకి ముట్టిందని చెప్పేదాకా మంచినీళ్లు కూడా తాగదు.

తమ్ముడా, రేపు పిలిచేది నేను.

ఆలస్యం చేయకు. తినిపో.

యాదగిరి నర్సన్న నిన్ను తన నీడన ఉంచుకోవాలి. అమ్మ మనసుకు కూడా ఆయనే శాంతినివ్వాలి.