ప్రాంప్టరు గౌరీశంకరం మాస్టారు

గౌరీశంకరం మాస్టారు పోయాక తెనాలిలో సంతాప సభ పెట్టారు. మాట్లాడిన ప్రతివాడూ ఆయన గొప్ప ప్రాంప్టరని పొగిడాడు. వేషం వేసే మేం మరిచిపోయిన డైలాగు పక్కతెర చాటు నుంచి, జనానికి వినపడకుండా అందించే మనిషట. అంతేనట. ఆయన రాసిన ఏడు నాటకాల సంగతి ఒక్కడూ ఎత్తలేదు. తెలిస్తే కదా! నాకు ఒళ్లు మండిపోయింది. అయినా లేవలేదు. చెప్పాల్సిన చోట పదేళ్ల కిందటే నోరు మూసుకున్నదాన్ని, ఇప్పుడు తెరిచి ఎవర్ని ఉద్ధరించాలి?

నా పేరు దానమ్మ. పరిషత్తు నాటక పోటీలకు వెళ్లే సమాజాలు ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్లి ఆడవేషాలు వేసేదాన్ని. మాస్టారు ఒక ట్యుటోరియల్ కాలేజీలో తెలుగు చెప్పేవారు. జీతం ఏ నెలకొస్తుందో దేవుడికే తెలియాలి. భార్య విశాలాక్షి గారికి ఆయాసం. ఒంటిగది ఇంట్లో చోటు చాలక రైల్వే స్టేషను బెంచీ మీద కూర్చుని రాసుకునేవారు. ఇంటింటికీ టీవీ వచ్చాక ఇంకా నాటకాలేంటని అందరూ ఆయన్ని తిప్పి పంపేవారు.

ఎనభై ఏడులో రైసుమిల్లు బసవేశ్వరరావు గారు ఆయన నాటకం ఒకటి వేయిస్తానన్నారు. రేపల్లె పోటీల్లో తెర లేచే ముందు మైకులో నాటకం పేరు చదివి, "రచన బసవేశ్వరరావు" అన్నారు. డైలాగులు అందించడానికి పక్కతెర చాటున నిలబడ్డ మాస్టారు స్క్రిప్టు అట్ట తిప్పి తన పేరు చూసుకున్నారు. ఆట అయ్యాక అడిగితే, దరఖాస్తు నింపినవాడు పొరబడ్డాడని, బాపట్లలో మీ పేరే చదివిస్తానని మిల్లాయన మాస్టారి చేతిలో చెయ్యేసి చెప్పారు. మాస్టారు నమ్మారు. మైకులో ఆ ఒక్క పేరు వినడానికే విశాలాక్షి గారు ఆయాసపడుతూ రైలెక్కి బాపట్ల వచ్చి, ముందు వరుసలో కూర్చున్నారు.

బాపట్లలోనూ మిల్లాయన పేరే చదివారు. మాస్టారు స్క్రిప్టు మూసేశారు.

"ఇవాళ ఒక్క ముక్క అందించను దానమ్మా. రాసింది ఆయన కదా, ఆయన్నే అందించమను."

ఎలాగో చివరి రంగం దాకా నెట్టుకొచ్చాను. నాది కూలిమనిషి వేషం, ఆవిడ పొలాన్ని కామందు తన దాంట్లో కలిపేసుకుంటాడు. ఆవిడ అతన్ని నిలదీసి అడిగే మాట దగ్గర నాకు బుర్ర ఖాళీ అయిపోయింది. మాస్టారి వంక చూశాను. కళ్లు మూసుకుని నిలబడ్డారు. ఎంతసేపు గడిచిందో తెలియదు, జనంలో దగ్గు కూడా లేదు. చివరికి ఆయన పెదవులు కదిలాయి. తన మాట తన ఎదుటే చచ్చిపోతుంటే చూడలేకపోయారు, వెర్రి మనిషి.

"నా బిడ్డను పాతిపెట్టిన చోటు కూడా మీ గట్టు లోపలికే వచ్చిందా బాబూ?" అన్నాను. జనం కళ్లు తుడుచుకున్నారు.

ఉత్తమ రచన మిల్లాయనకు, ఉత్తమ నటి నాకు. ఆ మాటకు ముందు నేను పాటించిన మౌనం అపూర్వమని జడ్జి గారు మెచ్చుకున్నారు. రెండు ముక్కలు మాట్లాడమని మైకు నా చేతికిచ్చారు. పక్కన మాస్టారు, ఎదురుగా విశాలాక్షి గారు నా నోటి వంకే చూస్తున్నారు. ఒక్క పేరు చెబితే చాలు. చెబితే మిల్లాయన మళ్లీ నన్ను పిలవరు. ఇంత మంచి పాత్ర రాసిన బసవేశ్వరరావు గారికి రుణపడి ఉంటానన్నాను. నా నోట్లో మన్ను పడ! జనం చప్పట్లు కొట్టారు.

తిరుగు రైల్లో ఆ దంపతులు వేరే పెట్టె ఎక్కారు. ఆయన ఇక రాయరనుకున్నాను. నిజం చెప్పాలంటే రాయకపోతే బాగుండుననీ అనుకున్నాను, ఆ మొహం మళ్లీ చూడక్కర్లేదని.

ఎనిమిది నెలలకు కొత్త నాటకం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. అందులో ముసలావిడ వేషం నన్ను మనసులో పెట్టుకునే రాశానన్నారు. ఆయన చదువుతుంటే నాకు ఏడుపు ఆగలేదు, అంత బాగుంది. పుస్తకం చేతికి తీసుకుని అట్ట చూశాను. "రచన: బసవేశ్వరరావు" అని ఉంది. ఆయన గుండ్రటి చేతిరాతే.

"ఇదేంటండి మాస్టారూ?" అన్నాను.

"లేకపోతే వెయ్యరు కదమ్మా," అన్నారు.