స్పిరిట్‌లో కలిపిన నీళ్లు

ఒక కూలీ మనిషి చెయ్యి ఆ రోజు శుభ్రంగానే ఉండింది. ఆ మాట రాసి పెట్టమని ఆమే అడిగింది. నలుగురిలో నేను ఆడిన అబద్ధాన్ని నోటితో దిద్దితే చాలదని నాకూ అనిపించింది. అందుకే రాస్తున్నాను.

బోధన్‌లో ఒక చిన్న దవాఖానలో నేను కంపౌండర్‌ని. చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా నిజామాబాద్‌లో గ్రంథాలయం కిటికీ పక్క కుర్చీలో సంపాదించుకున్నదే. అక్కడ ఒక పుస్తకంలో చదివాను: క్రిములను చంపడానికి చిక్కటి స్పిరిట్ కంటే కొంత నీళ్లు కలిసినదే మేలట. ఈ సంగతి మా డాక్టరు సారుకు కూడా తెలిసి ఉండదని మురిసిపోయాను. మర్నాటి నుంచి స్పిరిట్‌లో బోరు నీళ్లు కలపసాగాను. పొద్దున్నే దూది ఉండలు అందులో నానేసి, సాయంత్రం దాకా అదే స్టీలు డబ్బాలో చెయ్యి పెట్టి తీసేవాణ్ణి. సూది, సిరంజి మాత్రం ప్రతి మనిషికీ కొత్తవే. అదొక గర్వం.

చెరకు కోతలప్పుడు నవీపేట్ వైపు నుంచి కూలికి వచ్చిన ఒకామె జ్వరంతో వచ్చింది. జబ్బ తుడిచి సూది వేస్తూ, స్పిరిట్ గురించి చదివిందంతా, నాకు రాయడం కూడా వచ్చన్న గొప్పతో సహా ఆమెకు వినిపించాను. నాలుగో రోజు వాళ్ల ముఠా మేస్త్రితో మళ్లీ వచ్చింది. సూది వేసిన చోట గడ్డ లేచింది.

"ఏమైంది గిది?" అని సారు నన్నే అడిగారు.

"చెరకు తోటల మట్టి సార్. కడగని చేతులతోని గోకి ఉంటది."

ఆమె తల వంచుకుంది. "గోకలేదన్నా... ఏమో, నిద్రల గోకిన్నేమో."

మేస్త్రి అక్కడే ఆమెను తిట్టాడు.

సారు గడ్డ కోసి చీము తీశారు. వాళ్లు వెళ్లాక, కొత్తగా చేరిన నర్సు నా డబ్బా వాసన చూసింది. "గిది స్పిరిటా, నీళ్లా?" పుస్తకం సంగతి చెప్పాను. ఆమె సీసా తిప్పి నా ముందు పెట్టింది. కలపాల్సిన నీళ్లు ముందే కలిపినట్టు దాని మీద అచ్చయి ఉంది.

"నువ్వు ఇంకా పల్చగ జేసినవన్నా. అండ్ల నానిన దూదిల క్రిములు సావయి, పెరుగుతయి. దూది ఎప్పటిదప్పుడు తడపాలె."

డబ్బా కడిగేశాను. తప్పు నాదని మాత్రం సారుకు చెప్పలేదు. కట్టు మార్చుకోవడానికి వచ్చినప్పుడు ఆ కూలీ మనిషి మామూలుగా చెప్పింది: "గుడిసెల కాడ నన్ను రొట్టెల పిండి ముట్టనిస్తలేరన్నా. నా చెయ్యి మంచిది గాదంట."

ఆ పూటే సారుకు నిజం చెప్పేశాను. మధ్యాహ్నం కాలువ పక్కన వాళ్ల గుడిసెల దగ్గరికి వెళ్లాను. అందరూ తిండికి చేరి ఉన్నారు.

"గడ్డ నాతోటే అయింది. ఈమె చేతిల తప్పు లేదు. నా దూదే ఖరాబున్నది," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "గన్ని బుక్కులు సదివిన్నంటివి. సీసా మీదిది సదవకపోతివా అన్నా?"

అందరూ నవ్వారు. ముఠాలో పెద్దామె పిండి గిన్నెను ఆమె వైపు జరిపింది.

"రాసుడు గూడ వస్తదంటివి గద," అంది ఆమె, పిండిలో చెయ్యి పెడుతూ. "నా చెయ్యి మంచిగనే ఉండెనని రాయి."

వీళ్లంతా తమ పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. సీసా తిప్పి చూపిన నర్సమ్మకు, తిట్టి కూడా పనిలో ఉంచుకున్న సారుకు, నన్ను ఆ కుర్చీలో నుంచి ఏనాడూ లేపని గ్రంథాలయం అక్కకు దండాలు. ఆ కూలీ మనిషికి దండం పెట్టడానికి నాకు ఇంకా మొహం చెల్లడం లేదు.