మంత్రి చేతి నిమ్మరసం

డిప్లొమా చేశాక నాకు దొరికిన పని ఫ్లెక్సీలు డిజైన్ చేయడం. నరసన్నపేటలో హైవే పక్కనే షాపు. ఒకరోజు కార్మిక మంత్రి గారి అనుచరుడొకాయన వచ్చి, ఆయన జీవితమంతా ఒకే ఫ్లెక్సీలో పట్టాలన్నాడు. పొడవు పది, ఎత్తు ఆరడుగులు. చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను: మిల్లు కార్మికుడు, యూనియన్ కార్యదర్శి, నిరాహార దీక్ష, సర్పంచి, మూడు పార్టీలు, ఒక ఓటమి, రెండు గెలుపులు, మంత్రి పదవి. తర్వాత పార్టీలనూ ఓటమినీ కొట్టేయించాడు. అక్షరాల సైజు పెంచడానికి చోటు మిగిలింది.

దీక్ష సంగతి నాకు ఇంట్లోనే తెలుసు. మా ఊరి నూలు మిల్లు మొదటిసారి మూతపడినప్పుడు ఆయన గేటు ముందు ఆరు రోజులు తిండి మానేశాడు. తెరుస్తామని యాజమాన్యం రాసిచ్చేదాకా గ్లాసు ముట్టలేదు. ఏడో రోజు నిమ్మరసం తాగించింది ఆయన పక్క మిషను మీద పనిచేసే మా నాన్న.

ఇప్పుడు మిల్లు మళ్లీ మూతపడింది. అదే గేటు. షామియానా కూడా అదే టెంట్ హౌస్‌ది. ఈసారి కింద కూర్చున్నది నాన్న, ఇంకో నలుగురు. నాన్నకు షుగరు. నాలుగో రోజున, దీక్ష విరమింపజేయడానికి మంత్రి గారు వస్తున్నారని, ఫ్లెక్సీ ఆ గేటు దగ్గరే కట్టమన్నారు.

"ఆ మంత్రొచ్చి సెప్తే లేస్తాడేమో. నువ్వా ఫ్లెక్సీ బేగి కట్టరా" అంది అమ్మ.

కట్టాను.

మంత్రి గారు అరసవల్లి దర్శనం చేసుకుని నేరుగా వచ్చారు. నుదుట బొట్టు ఇంకా ఆరలేదు. నాన్న ఎదురుగా చాప మీద కూర్చుని గ్లాసు చాపారు.

"తాగు బావా. నానున్నాను కదా."

"గేటెప్పుడు తీస్తారు?"

"మాటాడతన్నాను. సూద్దాం."

"కాగితమేది?"

"మన మధ్య కాగితమేటి బావా!"

"ఆ రోజు నాను గ్లాసిస్తే నువ్వేటన్నావు? కాగితం సూడకుండా తాగినోడు కార్మికుడే కాడన్నావు. నాను మర్సిపోనేదు."

షామియానా కింద అందరూ నవ్వారు. అందరికంటే ముందు మంత్రి గారే నవ్వారు. గ్లాసు మాత్రం గాల్లోనే ఉంది. "సార్, ఇంకొంచెం పైకి" అన్నాడు ఫొటోగ్రాఫరు. చివరికి ఫ్లెక్సీ ఆర్డరిచ్చిన అనుచరుడు చాప మీద చతికిలబడి, ఆ గ్లాసు అందుకుని, నాలుగు రోజులు పస్తున్నవాడిలా కళ్లు మూసుకుని తాగాడు. పొద్దున్న మా షాపులో కూర్చుని ఆరు ఇడ్లీలు తిన్నది ఆయనే.

మంత్రి దీక్ష విరమింపజేశారని మర్నాడు పేపర్లో ఫొటోతో సహా వచ్చింది. నాన్న దాన్ని దీక్షలో కూర్చునే చదివాడు. ముగిసిపోయిన దీక్ష ఇంకా ఎలా సాగుతోందో చూద్దామని జనం రాసాగారు, వెనకే టీవీ వాళ్లు. సాయంత్రానికి కాగితం వచ్చింది: సోమవారం ఉదయం షిఫ్టుకు గేటు తెరుస్తారు, కింద రెండు సంతకాలు. నాన్న రెండుసార్లు చదివి, నాచేత ఒకసారి చదివించి, అప్పుడు అమ్మ పిండిన నిమ్మరసం తాగాడు. షుగరని చూడకుండా అమ్మ పంచదార వేసింది.

సోమవారం గేటుకు కొత్త ఫ్లెక్సీ కట్టాను. పాత వరుసల కింద ఒకటి అదనం: 'గ్లాసు నిమ్మరసంతో మిల్లు తెరిపించిన నేత.' క్యారేజీ పట్టుకుని వచ్చిన నాన్న ఆగి, అంతా చదివాడు.

"ఇది నువ్వే రాసేవేట్రా?"

"వాళ్లు చెప్పారు, టైపు చేశాను."

"మరి గ్లాసు తాగినోడి ఫొటో ఎయ్యనేదేటి? పాపం, కష్టపడ్డాడు" అని, సైరన్ మోగుతుంటే లోపలికి నడిచాడు.