గడియ మీద చిన్నవేళ్లు

తణుకులో కార్ల కరెంటు పని చేసే పెద్దిరాజు, రిమోట్ లాకులు బిగించమని వచ్చినవాళ్లను ఇంట్లో అందరికన్నా చిన్నపిల్లను వెంట తెమ్మంటాడు. డిక్కీకి, కరెంటు తగలగానే టప్పున ఒక్క దెబ్బకు లాగే సోలినాయిడ్ పెడతాడు, దాని గడియకు ఒక్క గట్టి లాగుడు చాలు కాబట్టి. తలుపులకు మాత్రం చిన్న మోటారుతో నెమ్మదిగా కదిలే యాక్చువేటర్. సోలినాయిడ్ దెబ్బకు తలుపుల్లోని కడ్డీలు తొందరగా వదులవుతాయి. స్క్రూలు పెదాల మధ్య పెట్టుకుని పని చేస్తాడు గనక మాట్లాడడు. ముఖంలో విసుగూ ఉండదు, సంతోషమూ ఉండదు. అంతా అయ్యాక బ్యాటరీ తీగ ఊడదీసి, పిల్లను లోపల కూర్చోబెట్టి, తలుపులు మూసి, కరెంటు లేకుండా చేత్తోనే గడియ తియ్యమంటాడు.

మొన్న వేసవిలో ఉదయభాస్కర్ గారి నాలుగేళ్ల కూతురు హేమశ్రీ వెనక తలుపు గడియ లేపలేకపోయింది. మోటారు పళ్లచక్రాల బిగువు ఆ వేళ్లకు ఎక్కువైంది. పెద్దిరాజు మళ్లీ తలుపు అట్ట విప్పాడు.

“వెనక రెండు తలుపులకీ సోలినాయిడ్ వేస్తానండి. దాన్లో పళ్లచక్రాలుండవు, వేలికి తేలిగ్గా వస్తుంది.”

“ముందు తలుపులు జుయ్యిమని, వెనకవి టప్పుమనీనా? చుట్టాలు నవ్వుతారయ్యా.”

“నవ్వనివ్వండి.”

“అయినా ఎండలో పిల్లని కార్లో ఎందుకు వదిలేస్తాం?”

“మేమూ మా పాపని కావాలని వదల్లేదండి,” అన్నాడు పెద్దిరాజు, రేటు చెప్పినంత మామూలుగా.

ఉదయభాస్కర్ గారు హేమశ్రీని తీసుకెళ్లి నీడలో కూర్చున్నారు. గంట తర్వాత హేమశ్రీ లాగితే గడియ పైకి లేచింది. తలుపు తీసుకుని దిగబోతుంటే పెద్దిరాజు అడ్డం నిలబడ్డాడు.

“ఇప్పుడు ఎడం చేత్తో తియ్యమ్మా,” అని తలుపు మళ్లీ మూశాడు.